నాలుగు జతల ఇయర్‌బడ్స్, ఒక మృదంగం: ప్రాజెక్టు డైరీ

మొదలు

ఐదు వేల రూపాయల లోపు దొరికే ఇయర్‌బడ్స్‌లో మన సంగీతానికి ఏవి పనికొస్తాయో తేల్చడం ఈ ప్రాజెక్టు పని. మన సంగీతం అంటే మా ఇంట్లో రోజూ మోగేది: కచేరీ రికార్డింగులు, వీణ, వయొలిన్, ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు. అమ్మకు ఒక జత కొనాలి. కొనేముందు చదివిన సమీక్షల్లో బాస్ ఎంత దద్దరిల్లుతుంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అన్నవే ఉన్నాయి. తంబురా నాదం నిండుగా వినిపిస్తుందా, మృదంగం ఎడమవైపు దెబ్బ పడ్డాక మోత ఎక్కడ ఆగుతుంది, గాయని ‘స’ అన్నప్పుడు చెవిలో గుచ్చుకుంటుందా అన్న సంగతులు వాటిలో కనిపించలేదు. నాకు కావలసినవి అవే కాబట్టి స్వయంగా పోల్చి చూస్తున్నాను.

బల్ల మీద నాలుగు జతలు ఉన్నాయి. ఒకటి నాది, ఒకటి చెల్లెలిది, రెండు ఆఫీసు మిత్రులను అడిగి తెచ్చినవి. కంపెనీ పేరు చూడగానే మనసు ముందే తీర్పు ఇచ్చేస్తుంది. అందుకని డబ్బాల మీద కాగితం అంటించి అ, ఆ, ఇ, ఈ అని రాశాం. ‘అ’లో 12 మిల్లీమీటర్ల స్పీకరు ఉంది, బయటి చప్పుడు తగ్గించే ఏర్పాటు ఉంది. ‘ఆ’లో స్పీకరు 10 మిల్లీమీటర్లు, ఆ ఏర్పాటుతో పాటు ఎల్‌డాక్ అనే కోడెక్ (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతి) కూడా పని చేస్తుంది. ‘ఇ’ చిన్నది, చవకది, అదనపు హంగులేవీ లేవు. ‘ఈ’కి రబ్బరు టిప్పులు లేవు, చెవి అంచున ఊరికే ఆని ఉంటుంది. వీటి పక్కన కొలమానంగా నా పాత వైరు ఇయర్‌ఫోన్ ఒకటి పెట్టాను. దాని ధర వీటన్నిటికన్నా తక్కువ.

కోఠిలో దొరికిన సామాను

చెవితో వినడంతో పాటు మైకుతో కొలవాలి కూడా. ప్రయోగశాలల్లో ఇందుకు మనిషి చెవిని అనుకరించే లోహపు గొట్టం వాడతారు. దాని ప్రమాణం పేరు ఐఈసీ 60318-4. అసలు పరికరం నా స్తోమతకు మించినది. శనివారం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి 6 మిల్లీమీటర్ల మైకు క్యాప్సూల్, మెత్తటి సిలికాన్ గొట్టం, యూఎస్‌బీ సౌండ్ కార్డు కొన్నాను. ఆ గల్లీలో కచేరీ మైకుల నుంచి పెళ్లి ఊరేగింపు స్పీకర్ల దాకా అన్నీ వేలాడుతుంటాయి. దుకాణదారు నా చేతిలోని డబ్బాలు చూసి, “బాస్ కావాలంటే నా దగ్గర ఇంతకన్నా గట్టివి ఉన్నాయి సార్” అన్నాడు. తంబురా కోసం అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, మైకు క్యాప్సూళ్ల పెట్టెలోంచి ఏరి, చప్పుడు తక్కువ పుట్టించేది ఇచ్చాడు. మంచి మనిషి.

గొట్టాన్ని రెండున్నర సెంటీమీటర్లకు కోసి ఒక చివర మైకు బిగించాను. ఆ పొడవుకు కారణం ఉంది. పెద్దవాళ్ల చెవి నాళం దాదాపు అంతే ఉంటుంది. ఒకవైపు కర్ణభేరితో మూసుకున్న గొట్టం కాబట్టి 3,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు; అంకె తగ్గేకొద్దీ స్వరం మంద్రం) చుట్టుపక్కల శబ్దాలను అది తనంతట తానే హెచ్చిస్తుంది. పుట్టినప్పటి నుంచి మనం ప్రపంచాన్ని ఆ హెచ్చింపుతోనే వింటున్నాం. ఇయర్‌బడ్ పెట్టి చెవి మూసేస్తే ఆ మోత చెదిరిపోతుంది. కనుక ఇయర్‌బడ్ దాన్ని తానే తిరిగి కలపాలి. కలపకపోతే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తుంది, మరీ ఎక్కువ కలిపితే అరుపులా తగులుతుంది. హార్మన్ అనే ఆడియో సంస్థలో షాన్ ఆలివ్ బృందం శ్రోతలను కూర్చోబెట్టి, వాళ్లకు ఎలాంటి నాదం నచ్చుతుందో పరీక్షలు చేసి తయారుచేసిన ‘హార్మన్ వక్రరేఖ’లో ఈ 3,000 దగ్గరి గుట్ట స్పష్టంగా కనిపిస్తుంది.

నా గొట్టం మీద నాకున్న నమ్మకానికి హద్దు ఉంది. 8,000 హెర్ట్జ్ పైన అది చెప్పేది లెక్కలోకి తీసుకోను. ఎడమ కుడి తేడాలు, కింది స్థాయి, మధ్య స్థాయి పోలికలకు బాగా పనికొస్తుంది. గ్రాఫులు గీయడానికి ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను.

శబ్దం సమానం చేయడం

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నదీ, ఎక్కువ నేర్పిందీ ఈ భాగమే. రెండు జతల్లో కొంచెం బిగ్గరగా మోగేది మనకు మెరుగ్గా అనిపిస్తుంది. ఆ కొంచెం ఒక డెసిబెల్ (శబ్ద తీవ్రతకు కొలత) అయినా చాలు, ‘శబ్దం పెరిగింది’ అనిపించకుండా ‘స్పష్టత పెరిగింది’ అనిపిస్తుంది. పైగా శబ్దం తగ్గేకొద్దీ చెవికి మంద్రస్వరాలు అందడం మిగతావాటికన్నా వేగంగా తగ్గిపోతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. అంటే వాల్యూమ్ సమానం చేయకుండా రెండు జతల బాస్ పోల్చడంలో అర్థం లేదు. దుకాణంలో నిలబడి ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకుని చేసే పోలికలన్నీ ఇక్కడే చెడిపోతాయి.

చెప్పినంత తేలిక కాదు. నా ఫోనులో వాల్యూమ్ పదిహేను మెట్లు. ఒక్కో మెట్టుకు రెండు మూడు డెసిబెళ్లు మారుతుంది. నాకు కావలసింది 0.2 డెసిబెల్ లోపు. ఫోను బటన్లతో అక్కడికి చేరలేం కాబట్టి మార్పు ఫైలులోనే చేశాను. ప్రతి పాటకూ ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో నాలుగు నకళ్లు తీసి, ఒక్కోదాని స్థాయిని ఒక్కో జతకు తగ్గట్టు దించాను.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఏ శబ్దాన్ని సమానం చేయాలి? అన్ని స్థాయిలూ కలిసిన పింక్ నాయిస్ మోగించి మొత్తం శబ్దం కొలిస్తే, బాస్ ఎక్కువున్న ‘అ’ అంకెను బాస్‌తోనే నింపేస్తుంది. అంకె సమానమవుతుంది, గొంతు మాత్రం వెనక్కి పోతుంది. కచేరీలో మనం వాల్యూమ్ పెట్టుకునేది గొంతును బట్టి. అందుకని 500 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య భాగాన్ని మాత్రమే కొలిచి సమానం చేశాను. అలా చేశాక నాలుగు జతల్లోనూ గాయని ఒకే దూరంలో కూర్చుంది. మిగిలిన తేడాలన్నీ ఆమె చుట్టూ ఉన్నవాటివే. పోలిక ఇక్కడి నుంచి నిజంగా మొదలైంది.

టిప్పులు

చెవికి టిప్పు సరిగ్గా పట్టకపోతే 200 హెర్ట్జ్ కింద శబ్దం కారిపోతుంది. గొట్టానికి సూదితో చిన్న రంధ్రం పొడిచి కొలిస్తే ‘ఆ’ గ్రాఫు ఎడమ కొస అంతా కిందికి జారింది. వేలితో రంధ్రం మూయగానే మళ్లీ లేచి నిలబడింది. ఆ కదలికను తెర మీద చూసిన చెల్లెలు వెంటనే తన జత తీసుకుని డబ్బాలో ఉన్న పెద్ద టిప్పులు మార్చుకుంది. ఆమెకు నచ్చని ఇయర్‌బడ్స్ అవి. అయిదు నిమిషాల్లో నచ్చాయి.

నా రెండు చెవులకే ఒకే కొలత సరిపోదు. ఎడమకు మధ్యరకం, కుడికి పెద్దది పట్టింది. పరీక్ష తేలిక: పాట మోగుతుండగా ఇయర్‌బడ్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కాలి. బాస్ పెరిగితే టిప్పు చిన్నదని అర్థం. కొత్తవి కొనేముందు ఎవరైనా ఇది చేసి చూడాలని గట్టిగా చెబుతాను.

నల్లకుంటలో మృదంగం

ఆదివారం ఉదయం నల్లకుంటలో మాకు తెలిసిన మృదంగం మాస్టారి ఇంటికి వెళ్లాను. గానసభలో విన్నా అక్కడ మైకు, స్పీకర్లు అడ్డం వస్తాయి. అసలు నాదం తెలియాలంటే గదిలో పక్కన కూర్చోవాలి. ఆయన చాప మీద కూర్చుని తొప్పికి, అంటే మృదంగం ఎడమవైపుకు, రవ్వముద్ద అద్ది శ్రుతి చూసుకున్నారు. మీటరు దూరంలో నా మైకు పెట్టి, దాని పక్కనే నేనూ కూర్చున్నాను. ఆది తాళంలో కాసేపు వాయించారు. వెంటనే ఆ రికార్డింగును అక్కడే సమానం చేసి, ఆయనకే ఒక్కో జతా పెట్టి వినిపించాను. ఏది ఏ కంపెనీదో, ధర ఎంతో ఆయనకు తెలియదు. ముట్టుకోగానే గుర్తుపట్టే నా చెవుల కన్నా ఈ విషయంలో ఆయన చెవులే నమ్మదగినవి.

‘అ’ విని తల అడ్డంగా ఊపారు. “ఇది నా తొప్పి కాదు బాబూ. రవ్వ మరీ ఎక్కువ పెట్టినట్టుంది.”

‘ఇ’ విన్నాక, “వలంతర చక్కగా ఉంది. చాపు పలికింది. తొప్పి మాత్రం రవ్వ ఎండిపోయినట్టుంది” అన్నారు. వలంతర అంటే కుడివైపు, చాపు అక్కడ వాయించే ఒక దెబ్బ.

ఈ రెండు మాటలూ గ్రాఫులో నేను చూసినవాటికి అచ్చంగా సరిపోయాయి. ‘అ’ 100 హెర్ట్జ్ కింద ఉబ్బి ఉంది. ‘ఇ’ అక్కడే పల్చబడింది. రవ్వ ఎక్కువైతే ఎడమవైపు మోత బరువెక్కి కిందికి దిగుతుంది, ఎండితే పైకి లేస్తుంది. జీవితమంతా చేతితో సరిచేస్తూ వచ్చిన తేడాను ఆయన ఇయర్‌బడ్స్‌లో కూడా అదే పేరుతో పట్టుకున్నారు.

‘ఆ’ వింటున్నప్పుడు కళ్లు మూసుకుని ఎడమ అరచేయి మోకాలి మీద జరుపుతూ ఉన్నారు. “గుంకీ ఎక్కడ ఎత్తుకుందో, ఎక్కడ ఆగిందో తెలుస్తోంది” అన్నారు. గుంకీ అంటే తొప్పి మీద అరచేతిని మణికట్టు వైపు భాగంతో జరుపుతూ నాదాన్ని సాగదీయడం. అది ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి జారుతుంది కాబట్టి, ఇయర్‌బడ్ గ్రాఫులో మధ్యలో గుంటలూ గుట్టలూ ఉంటే ఆ జారుడు తెగి తెగి వినిపిస్తుంది. సమతలంగా ఉన్నదాన్ని పట్టుకోవడానికి దీన్ని మించిన పరీక్ష నాకు తోచడం లేదు. ‘ఈ’లో తొప్పి దాదాపు మాయమైంది, అయితే గది గాలి వినిపించిందన్నారు. వైరుదాన్ని చివర వినిపించాను. ఏమీ అనలేదు, మొత్తం రికార్డింగు అయ్యేదాకా తీయలేదు.

మృదంగం గురించి ఇంకొక మాట. మామూలు తోలు వాద్యాల అనుస్వరాలు (మూలస్వరంతో పాటు దానిపైన పుట్టే స్వరాలు) ఒకదానితో ఒకటి శ్రుతి కలవవు. కుడివైపు మధ్యలో అద్దిన నల్లటి ముద్ద, అంటే కరణి, బరువు వల్ల మృదంగంలో అవి కలుస్తాయని సి.వి.రామన్ 1920లోనే చూపించారు. అందుకే దానికి శ్రుతి ఉంటుంది, గాయకుడి షడ్జంతో కలిపి బిగిస్తారు. ఇయర్‌బడ్ ఏదో ఒక అనుస్వరాన్ని అతిగా హెచ్చిస్తే ఆ కలయిక చెదిరి, వాద్యం రేకు డబ్బాలా మోగుతుంది. ‘అ’లో 6,000 హెర్ట్జ్ దగ్గరున్న గుట్ట చేసింది అదే. గాయని స, ష పలికిన చోట గుచ్చుకున్నదీ అక్కడే.

తంబురా

ఒకటో శ్రుతిలో బిగించిన తంబురాలో అన్నిటికన్నా మంద్రమైన తీగ దాదాపు 65 హెర్ట్జ్. దీని కోసం బాస్ బాగా ఉండాలి అనుకుంటాం. విని చూస్తే అలా లేదు. తీగకూ అది ఆనే దిమ్మకూ మధ్య దూర్చే నూలుపోగు వల్ల తంబురా బలం అంతా పై అనుస్వరాల్లోకి వెళ్తుంది. కింది మూలస్వరం బలహీనంగా ఉన్నా, పై అనుస్వరాల వరసను బట్టి మెదడు దాన్ని తానే పూరించుకుంటుంది. బాస్ పల్చగా ఉన్న ‘ఇ’లో కూడా షడ్జం షడ్జంలాగే నిలబడింది. ‘అ’లో మాత్రం మంద్రం గుప్పున లేచి, పంచమం తీగ మీటిన తరువాత విచ్చుకునే మెరుపును మింగేసింది. తంబురాకు ‘ఈ’ ఆశ్చర్యంగా బాగుంది. చెవి మూసుకుపోకపోవడం వల్ల నాదం తల బయట ఉన్నట్టు అనిపిస్తుంది.

పాత పాటలతో కుడి ఎడమల పరీక్ష

ఘంటసాల పాటల్లో చాలావరకు మోనో రికార్డింగులు. రెండు చెవులకూ ఒకటే శబ్దం వెళ్తుంది. అంటే గొంతు తలకు సరిగ్గా నడుమ నిలవాలి. ఏమాత్రం పక్కకు జరిగినా రెండు ఇయర్‌బడ్స్ ఒకటిగా లేవని అర్థం. స్టీరియో పాటల్లో ఇది తెలియదు, కలిపినవాళ్లే వాద్యాలను అటూ ఇటూ సర్ది ఉంటారు.

‘ఇ’లో గొంతు ఎడమకు జరిగింది. అంతకన్నా ఇబ్బంది ఏమిటంటే, కింది స్వరాల్లో నడుమ ఉండి, తారస్థాయికి వెళ్లేకొద్దీ ఎడమకు నడిచింది. టిప్పులు అటుదిటు మార్చినా అంతే. ఇయర్‌బడ్స్‌ను కుడి ఎడమలు మార్చి పెట్టుకుంటే గొంతు కుడికి నడిచింది. కనుక తేడా నా చెవిలో లేదు, జతలోనే ఉంది. గొట్టంలో కొలిస్తే 2,000 హెర్ట్జ్ పైన రెండింటి మధ్య మూడు డెసిబెళ్లకు పైగా తేడా. జాలీ మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి మళ్లీ కొలిచినా మారలేదు. మధ్యస్థాయి అంత బాగా పలికే జతకు ఈ లోపం ఉండటం బాధగా ఉంది. అదే మోడల్ ఇంకో జత దొరికితే ఇది ఈ ఒక్కదాని సంగతో కాదో తేలుతుంది.

కోడెక్ పోలిక

బ్లూటూత్‌లో స్టీరియో సంగీతానికి ఎస్‌బీసీ అనే కోడెక్ తప్పనిసరి. దాని మేలైన స్థాయి సెకనుకు సుమారు 328 కిలోబిట్లు. సోనీ రూపొందించిన ఎల్‌డాక్ 330, 660, 990 అనే మూడు స్థాయిల్లో నడుస్తుంది. సీడీలో ఉండేది 1,411. అంకెలు చూస్తే ఎల్‌డాక్‌దే పైచేయి. ‘ఆ’ జతతో, ఒకే ఫైలుతో, ఫోను డెవలపర్ ఆప్షన్స్‌లో చెల్లెలు కోడెక్ మారుస్తూ ఉంటే ఏది మోగుతోందో నేను ఊహించాను. ఇక్కడ జత మారదు కాబట్టి ముట్టుకుని గుర్తుపట్టే సమస్య లేదు. తంబురా ఒక్కటే మోగుతున్నప్పుడు ఏదో తేడా ఉందనిపించింది. రాసుకున్న జవాబులు చూస్తే బొమ్మాబొరుసు వేసినదానికన్నా మెరుగ్గా లేవు.

నా అభిప్రాయం స్పష్టం: టిప్పు మార్చితే వచ్చే తేడా ముందు కోడెక్ మార్చితే వచ్చే తేడా చాలా చిన్నది. పైగా మనం వినే పాత కచేరీలు చాలా భాగం క్యాసెట్టు నుంచి ఎక్కించినవి, యూట్యూబ్‌లో మళ్లీ కుదించినవి. మూలంలో లేనిదాన్ని 990 కిలోబిట్లు తెచ్చి ఇవ్వలేవు.

మెట్రోలో

తార్నాక నుంచి రాయదుర్గం దాకా నీలి లైను. బోగీ చప్పుడులో పెద్ద భాగం మంద్రస్థాయిలోనే ఉంటుంది, సరిగ్గా తొప్పి ఉండే చోట. చప్పుడు తగ్గించే ఏర్పాటు బాగా పని చేసేదీ అక్కడే. పైస్థాయి శబ్దాలను టిప్పే ఆపాలి. ‘ఆ’లో ఏర్పాటు వేయగానే బోగీ గర్జన తగ్గి మృదంగం తిరిగొచ్చింది. ‘అ’లో కూడా చప్పుడు తగ్గింది, దాంతోపాటు బాస్ ఇంకా ఉబ్బింది. ‘ఈ’ ఇక్కడ పనికిరాదు, వాల్యూమ్ పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది. అది ప్రమాదం కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు, 90 దగ్గర 4 గంటలే. రోజూ మెట్రోలో వినేవాళ్లు దీన్ని తప్పక గుర్తుపెట్టుకోవాలి.

అమీర్‌పేటలో రైలు నిండగానే 990 స్థాయిలో ఎల్‌డాక్ తెగడం మొదలైంది. అందరి ఫోన్లూ ఇయర్‌బడ్స్ ఒకే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో ఉంటాయి మరి. 330కి దించితే నిలబడింది.

మధ్యలో వచ్చిన అప్‌డేట్

‘అ’ యాప్ కొత్త ఫర్మ్‌వేర్ (ఇయర్‌బడ్ లోపలి సాఫ్ట్‌వేర్) వచ్చిందంది. వేసే ముందు కొలిచాను, వేశాక కొలిచాను. బాస్ ఇంకొక రెండు డెసిబెళ్లు పెరిగింది. వివరణలో ‘స్థిరత్వం మెరుగుపడింది’ అని మాత్రమే ఉంది. కొనుక్కున్న వస్తువు నాదం అడగకుండా మార్చడం నాకు అన్యాయం అనిపిస్తుంది. పాత స్థితికి తీసుకెళ్లే దారి యాప్‌లో లేదు. ‘అ’ కొలతలన్నీ మళ్లీ తీశాను. మిగతా మూడింటికీ ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేశాను.

ఇప్పటి స్థితి

ఇంట్లో కూర్చుని వినడానికి వైరుదే మొదటి స్థానం. బ్యాటరీ చచ్చిపోయే భయం లేదు, అప్‌డేట్ రాదు, కుడి ఎడమలు ఒక డెసిబెల్ లోపు కలిశాయి. వంట చేస్తూ, నడుస్తూ వినే అమ్మకు ‘ఆ’. ‘ఆ’లో నాకు నచ్చనిది ఒకటే, 150 హెర్ట్జ్ దగ్గర కొంచెం బరువు. యాప్ ఈక్వలైజర్‌లో అక్కడ 3 డెసిబెళ్లు దించి, 2,500 దగ్గర ఒకటిన్నర పెంచాను. మాస్టారి రికార్డింగు ఇప్పుడు వైరుదానికి చాలా దగ్గరగా వచ్చింది. ‘అ’ను ఈక్వలైజర్‌తో సరిచేయాలని చూశాను. బాస్ దారికి వచ్చింది, 6,000 దగ్గరి గుట్టకు మాత్రం యాప్‌లోని మీటలు ఏవీ సరిగ్గా ఆనలేదు.

నిన్న రాత్రి అమ్మకు ‘ఆ’ పెట్టి ఒక పాత కచేరీ వినిపించాను. కాసేపటికి, “నాన్నా, ఆవిడ తొడ మీద తాళం వేస్తున్న చప్పుడు కూడా వస్తోందిరా, ఇదివరకు ఎప్పుడూ వినలేదు” అంది. నేను వైరుదానిలో వెతికాను. ఉంది, చాలా సన్నగా, పల్లవి రెండోసారి ఎత్తుకున్నప్పుడు.

మిగిలిన పనులు: ‘ఆ’కు ఫోమ్ టిప్పులు వేసి మళ్లీ కొలవాలి, అవి పైస్థాయిని కొంత మింగుతాయి కాబట్టి 2,500 దగ్గరి సవరణ పెంచాల్సి రావచ్చు. ఐదో శ్రుతి తంబురా రికార్డింగు ఒకటి తీయాలి. ‘ఇ’ రెండో జత కోసం వచ్చే శనివారం అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో అడగాలి.